కోణమానిని (ప్రొట్రాక్టర్) పట్టుకునే ముందు కాగితం మడవనివ్వండి

మీ పాప ఆరో తరగతి అనీ, అల్పకోణం (90 డిగ్రీల లోపు), లంబకోణం (సరిగ్గా 90), అధికకోణం (90కి మించి, 180 లోపు) అని గడగడా అప్పజెబుతుంది గానీ బొమ్మలో చూపించమంటే తడబడుతోందనీ రాశారు. గుంటూరు బ్రాడీపేటలో చాలా ఏళ్లుగా సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఈ తడబాటుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: గీతలు పొడవుగా ఉంటే కోణం పెద్దదనుకుంటారు. మూరెడు భుజాలతో 40 డిగ్రీలు, పక్కనే చిటికెన వేలంత భుజాలతో 70 డిగ్రీలు గీసి, ఏది పెద్దదో అడగండి. చాలామంది మొదటిదే చూపిస్తారు. ఒక భుజం నుంచి రెండో భుజం ఎంత తిరిగిందన్నదే కోణం. భుజాలను ఎంత సాగదీసినా అది మారదు.

ఆ తిరగడాన్ని నేను వీధిలోనే చూపిస్తాను. మా పేటలో లైన్లూ అడ్డరోడ్లూ గళ్ల కాగితంలా ఉంటాయి. చిరునామా కూడా 4/7 అని, లైను, అడ్డరోడ్డు అంకెలతోనే చెప్పుకుంటాం. లైనులో నడుస్తూ అడ్డరోడ్డులోకి మళ్లితే లంబకోణం, 90 డిగ్రీలు. వెనక్కి తిరిగి వచ్చిన దారి పడితే సరళకోణం, 180. దానికి మించి తిరిగి, పూర్తి చుట్టు కాకముందే ఆగితే పరావర్తన కోణం.

ఇంట్లో అయితే పాత దినపత్రిక ముక్క ఒకటి చాలు. అంచులు ఎలా చిరిగి ఉన్నా సరే. ఒకసారి మడిస్తే తిన్నని అంచు వస్తుంది. ఆ అంచు తన మీదికే వచ్చేలా మళ్లీ మడిస్తే లంబకోణం తయారు. సరళకోణాన్ని సగం చేశాం కదా! ఆ మూలను బొమ్మలోని శీర్షం మీద, అంటే రెండు భుజాలూ కలిసే బిందువు మీద, ఒక అంచు ఒక భుజం వెంట ఉండేలా పెట్టమనండి. రెండో భుజం కాగితం కింద దాగితే అల్పకోణం, బయట మిగిలితే అధికకోణం. చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టి గీస్తే అది చతురస్రమే కాదనే పిల్లలుంటారు. వాళ్లచేత ఈ పరీక్ష తప్పకుండా చేయించండి.

తర్వాత ఏదో ఒక త్రిభుజం కత్తిరించి, మూడు మూలలకూ రంగు వేసి, చించి, మొనలు కలిపి పేర్చమనండి. రంగు వేయకపోతే ఏది అసలు మూలో, ఏది చిరుగో తెలియక అవస్థ పడతారు. మూడూ కలిసి సరళరేఖ మీద కూర్చుంటాయి, అంటే మొత్తం 180. ఒక త్రిభుజంలో రెండు అధికకోణాలు ఎందుకు ఇమడవో పాపే చెబుతుంది. చతుర్భుజాన్ని చించితే నాలుగు మూలలూ కలిసి పూర్తి చుట్టు, 360. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండే క్రమ పంచభుజిలో (ఐదు భుజాలు) ఒక్కో కోణం 108, క్రమ షడ్భుజిలో (ఆరు భుజాలు) 120, అన్నీ అధికకోణాలే.

కోణమానిని ఆ తర్వాతే ఇవ్వండి. దాని మీద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి కాబట్టి 130ని 50గా చదవడం సర్వసాధారణం. కొలిచే ముందే అల్పకోణమా, అధికకోణమా అని కాగితంతో చూసి చెప్పమంటే, ఏ వరుస చదవాలో పాపకే తెలుస్తుంది.