యముని త్రోవ కాచే కుక్కలు

ప్రశ్న: హాస్టల్‌లో మేము ఆడే కంప్యూటర్ ఆటలలో నోటి నుండి మంటలు కక్కే నరక కుక్కలు వస్తాయి. పరకాల దగ్గరి మా ఊళ్లో రాత్రిపూట కుక్క ఏడిస్తే మా నాయనమ్మ "ఎవరికో మూడింది, దానికి యమభటులు కండ్లబడ్డరు" అంటూ లేచి కూర్చుంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదా? మన గ్రంథాలలో ఇటువంటి కుక్కలు ఉన్నాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఉన్నాయి. ఋగ్వేదం పదవ మండలంలోని 14వ సూక్తం యముని రెండు కుక్కలను వర్ణిస్తుంది. అవి దేవతల ఆడకుక్క అయిన సరమ బిడ్డలు, మచ్చల ఒంటివి, నాలుగేసి కళ్లు కలవి. తరువాతి గ్రంథాలు వాటిని శ్యామం, శబలం అన్నాయి. నాలుగు కళ్లు అనగానే వికృత రూపాన్ని ఊహించుకోనక్కర లేదు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అరుగు కింద పడుకున్న నల్లకుక్కలను గమనించండి. కొన్నింటికి ఒక్కొక్క కన్నుపైన చింతగింజంత గోధుమరంగు మచ్చ ఉంటుంది. కుక్క కళ్లు మూసి నిద్రపోతున్నా ఆ రెండు మచ్చలూ మనలను చూస్తున్నట్లే ఉంటాయి. పార్సీలు శవానికి కుక్కను చూపించే సంప్రదాయంలో కోరిన నాలుగు కళ్ల కుక్క కూడా ఇటువంటిదేనని పండితులు వివరించారు.

ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉన్నది. ఆ సూక్తంలోని ఋషి ఆ కుక్కలను చూసి భయపడుతూనే, చనిపోయిన మనిషిని వాటికి అప్పగించి క్షేమం కలిగించమని యముణ్ణి వేడుకుంటాడు. అవి దారిని కాచేవి, మనుషుల మధ్య తిరిగేవి అని కూడా అంటాడు. కనుక మీ నాయనమ్మ మాట మీ ఆటలకంటే వేదానికే దగ్గరగా ఉన్నది.

గ్రీకుల కథలలోని కెర్బెరోస్ అనే కుక్క పాతాళ ద్వారం వద్ద ఉంటూ లోపలికి వచ్చిన వారిని తిరిగి పోనివ్వదు. దానికి మూడు తలలని వాడుక; హెసియోడ్ కవి ఏభై అన్నాడు. ఇంగ్లండులో 1577 ఆగస్టు 4న గాలివాన నడుమ ఒక నల్లకుక్క బంగే, బ్లైత్‌బర్గ్ చర్చిలలోకి చొరబడిందని కథ. బ్లైత్‌బర్గ్ చర్చి తలుపు మీద కాలిన మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు. 1974లో మొదలైన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తన హెల్ హౌండ్‌కు, అంటే నరక కుక్కకు, నిప్పు ఊదే శక్తినిచ్చింది. తరువాతి ఆటలెన్నో ఆ అచ్చునే వాడుకున్నాయి. ఆ ఆటలోనే బ్లింక్ డాగ్ అనే మంచి కుక్క కూడా ఉన్నది. అది ఉన్నచోట మాయమై మరొకచోట తేలుతుంది. 2020లో వచ్చిన హేడీస్ ఆటలో కెర్బెరోస్ తలను నిమరవచ్చు. నాకు అన్నింటికంటే నచ్చినది ఇదే, ఎందుకంటే కావలి కుక్కను చంపవలసిన శత్రువుగా కాక, ఆ ఇంటిదిగా చూపిన ఆట ఇది.

ప్రశ్న: ఏటా సంక్రాంతికి ఐనవోలు జాతరకు వెళ్తాము. మల్లన్నకూ కుక్కకూ సంబంధం ఉన్నదని ఒక పెద్దాయన అన్నారు. నిజమేనా?
– గృహిణి, వర్ధన్నపేట

జవాబు: నిజమే. మన మల్లన్న, కన్నడ సీమ మైలారుడు, మహారాష్ట్ర ఖండోబా ఒకే దేవుని రూపాలని పరిశోధకులు భావిస్తారు. ఈ దేవుణ్ణి భైరవుని అంశగా కొలుస్తారు. భైరవుని వాహనం కుక్క. జేజూరిలో ఖండోబా పక్కన కుక్క ఉంటుంది, వాఘ్యాలనే భక్తులు తమను స్వామి కుక్కలుగా భావించుకుంటారు. మైలారుని భక్తులైన గొరవలు కుక్కలవలె మొరుగుతారు, నేల మీద పెట్టిన గిన్నెలో నోటితోనే తింటారు. ఇందులో అవమానమేమీ లేదు, స్వామి వాకిలి విడిచి వెళ్లబోమన్న మొక్కు అది. మల్లన్నను కులదైవంగా కొలిచే కురుమలకు మందకాడ కుక్క లేని రాత్రి ఎలాంటిదో తెలుసు.

ప్రశ్న: భారతంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క కాక మరొకటి ఉన్నదా?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆదిపర్వంలోనే ఉన్నది. జనమేజయుని యాగశాలలోకి వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ముళ్లు కొట్టారు. హవిస్సును నాకని, దానివైపు చూడనైనా చూడని తన బిడ్డను ఎందుకు కొట్టారని సరమ వచ్చి నిలదీసింది. ఎవరూ బదులు చెప్పలేదు. అనుకోని ఆపద వస్తుందని ఆమె శపించింది. ఆ భయంతోనే జనమేజయుడు సోమశ్రవసుణ్ణి వెదికి పురోహితునిగా తెచ్చుకున్నాడు.