జేబు కెమెరా కొనే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిల్లల ఫొటోలు తీయడానికి హ్యాండ్‌బ్యాగులో పట్టే చిన్న కెమెరా కొనాలనుకుంటున్నాను. ఎక్కువగా సాయంత్రాలు, ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులోనే తీస్తాను. ఒకటి 16 మెగాపిక్సెల్, ఇంకొకటి 20 అంటున్నారు. ఏది మేలు?
— గృహిణి, కాకినాడ

మెగాపిక్సెళ్ల సంగతి పక్కన పెట్టండి. 4×6 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 2.2 మెగాపిక్సెళ్లు చాలు. పెళ్లి ఆల్బమ్‌లో వేసే 12×18 పేజీకి కూడా 200 చుక్కల లెక్కన 9 లోపే సరిపోతుంది. 16కీ 20కీ తేడా మీ ఆల్బమ్‌లో కనిపించదు.

అట్టపెట్టె మీద రాసింది కాదు, లెన్స్ చుట్టూ అంచు మీద ఉండే సన్నటి అంకెలు చదవండి. కెనన్ ఇక్సస్ 285 మీద 4.5–54.0 ఎంఎం, 1:3.6–7.0 అని ఉంటుంది. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ (2012) మీద వరుస తిరగబడి 1.8–4.9/10.4–37.1 అని ఉంటుంది; ఇక్కడ దాన్నీ ఇక్సస్ వరుసలోనే లెక్కిద్దాం. ముందు జంటలో పెద్ద అంకెను చిన్నదానితో భాగిస్తే ఆప్టికల్ జూమ్ వస్తుంది: ఇక్సస్‌కి 12 రెట్లు, ఆర్ఎక్స్100కి మూడున్నర రెట్లు. రెండో జంట ఎఫ్ నంబర్. ఇది ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు వస్తుంది. నంబర్ సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుంది.

మీకు కావలసిన జవాబు ఈ రెండో జంటలోనే ఉంది. జూమ్ చేయనప్పుడు ఒకదానికి 3.6, ఇంకొకదానికి 1.8. అంటే రెండోదానిలో వెలుగు నాలుగు రెట్లు. దానికి తోడు సెన్సర్, అంటే వెలుగును పట్టి బొమ్మగా మార్చే పలక కూడా పెద్దది. ఇక్సస్ లాంటి 1/2.3 అంగుళాల సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఆర్ఎక్స్100లోని 1 అంగుళం రకం 13.2×8.8 మిల్లీమీటర్లు, అంటే 116. ఇది మరో నాలుగు రెట్లు. రెండూ కలిపితే ఒక్కో ఫొటోకి అందే వెలుగు పదహారు రెట్లు.

ఇంట్లో దాని ఫలితం ఇలా ఉంటుంది. పిల్లలు కదులుతుంటారు కాబట్టి షట్టర్ వేగం (అది తెరిచి ఉండే సమయం) 1/125 సెకను లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మామూలు ట్యూబ్‌లైట్ గదిలో ఎఫ్ 1.8 లెన్స్‌కి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 దగ్గర ఆ వేగం దొరుకుతుంది. అదే గదిలో ఎఫ్ 3.6 లెన్స్‌కి 6400 కావాలి. ఇక్సస్ 285లో ఐఎస్ఓ 3200 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు కెమెరా షట్టర్‌ని నెమ్మది చేస్తుంది, పిల్లాడి చేతులు, మొహం చెదిరిపోతాయి. కెమెరాలోని స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపగలదు కానీ పిల్లాడి పరుగును ఆపలేదు.

కాబట్టి మీకు 1 అంగుళం సెన్సరున్నదే తీసుకోండి. ఆర్ఎక్స్100 మూడో మోడల్ (2014) లెన్స్ 1.8–2.8, కెనన్ జీ7ఎక్స్ మార్క్ 3 (2019) కూడా అంతే. బరువు ఇక్సస్ 147 గ్రాములైతే ఆర్ఎక్స్100 మొదటిది 240, జీ7ఎక్స్ 304. హ్యాండ్‌బ్యాగుకి పర్వాలేదు, చొక్కా జేబుకైతే బరువే. అంత ఖర్చు వద్దనుకుంటే చవకది కొనకండి. ఇప్పటి మధ్యరకం ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ చాలావాటిలో 1/2.3 కన్నా పెద్దదే. ఇంట్లో మీ ఫోనే మెరుగ్గా తీస్తుంది. పగటిపూట ఊళ్లు తిరిగేటప్పుడు, గోపుర శిఖరం దగ్గరగా కావాలన్నప్పుడు మాత్రం ఇక్సస్ లాంటి 12 రెట్ల జూమ్ నిజంగా పనికొస్తుంది.

తీసేటప్పుడు షట్టర్ వేగాన్ని మీరే ఎంచుకునే ఎస్ మోడ్‌లో (కెనన్‌లో దాని పేరు టీవీ) 1/125 పెట్టి, ఐఎస్ఓ ఆటోలో ఉంచండి. రాత్రి జూమ్ చేయకండి, మీరే రెండడుగులు ముందుకు వెళ్లండి. జూమ్ చేసేకొద్దీ ఎఫ్ నంబర్ పెరిగి వెలుగు తగ్గుతుంది. బటన్ సగం నొక్కి, పచ్చ గడి వెలిగాక పూర్తిగా నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కడం వల్లే సగం ఫొటోలు ఫోకస్ తప్పుతాయి. ఫ్లాష్ వాడితే రెండు నుంచి మూడు మీటర్ల లోపు ఉండండి. మొహాలు తెల్లగా పాలిపోతే ఫ్లాష్ బలాన్ని మెనూలో మైనస్ 2/3కి తగ్గించండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నాలుగు వేల రూపాయలకు 48 మెగాపిక్సెల్, 4కె, 16 రెట్ల జూమ్ కెమెరా కనిపించింది. కొనవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

వద్దు. ఆ 16 రెట్లు డిజిటల్ జూమ్. అంటే ఫొటోని కత్తిరించి పెద్దది చేయడమే. 48 మెగాపిక్సెళ్లు కూడా చిన్న సెన్సర్ తీసిన బొమ్మను సాగదీసి చేసినవి. వివరాల్లో ‘ఆప్టికల్ జూమ్’ అన్న మాట ఉందా, లెన్స్ అంచు మీద పైన చెప్పినట్టు రెండు జంటల అంకెలున్నాయా చూడండి. లేకపోతే ఆ డబ్బు దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి 2000ల నాటి పాత సీసీడీ (అప్పటి రకం సెన్సర్) కెమెరా కావాలంటోంది. సెకండ్ హ్యాండ్‌లో ఏమేం పరీక్షించాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

ముందు కార్డు సంగతి తేల్చుకోండి. 2006కి ముందు వచ్చిన ఎస్‌డీ కెమెరాలు చాలావరకు 2 జీబీ దాటిన కార్డులు చదవవు. కొన్ని పాత ఒలింపస్, ఫుజీలకు ఎక్స్‌డీ కార్డు, సోనీలకు మెమొరీ స్టిక్ కావాలి. ఇవి ఇప్పుడు దొరకడం కష్టం. కెమెరాతో పాటు కార్డు, చార్జర్ కూడా ఇస్తేనే బేరం మొదలుపెట్టండి.

దుకాణంలో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి చూడండి. ఉబ్బితే అటూ ఇటూ ఊగుతుంది, అలాంటిది తీసుకోకూడదు. కెమెరాని పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్స్ ఒకే వేగంతో, కిరకిర లేకుండా రావాలి. జూమ్ చివరి వరకూ వెళ్లి తెల్ల కాగితాన్ని ఫొటో తీయండి. బూడిద రంగు గుండ్రటి మచ్చలు ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే. చిన్న కెమెరాలో దాన్ని తీయాలంటే మొత్తం విప్పాలి. చివరగా లెన్స్‌ని అరచేత్తో మూసి, ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీయండి. నలుపులో ఎరుపు, తెలుపు చుక్కలు ఒకటి రెండుంటే ఫరవాలేదు, చుక్కలు చల్లినట్టుంటే వద్దు.

బల్బును చూపిస్తే తెర మీద నిలువుగా ఊదారంగు గీత వస్తుంది. అది సీసీడీ స్వభావం, లోపం కాదు. కానీ బొమ్మ మొత్తం ఊదారంగులో అలలుగా చెదిరినా, నల్లగా వచ్చినా సీసీడీ పోయినట్టే. 2000ల తొలి ఏళ్లలో తయారైన ఎన్నో మోడళ్లలో వేడికి, తేమకు సీసీడీ పాడయ్యే లోపం ఉందని తేలి, 2005లో పలు కంపెనీలు ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించాయి. ఆ గడువులు ఏనాడో ముగిశాయి. మన కోస్తా వాతావరణంలో ఆ కాలపు కెమెరా కొనడం కన్నా 2008 తర్వాతది వెతకడం క్షేమం. అది ఎస్‌డీ రకమైతే 2 జీబీ దాటిన కార్డులూ చాలావరకు పనిచేస్తాయి.

ప్రశ్న: బీచ్‌కి వెళ్లొచ్చాక కెమెరా లెన్స్ సగం వచ్చి ఆగిపోతోంది. తెర మీద లెన్స్ ఎర్రర్ అని వస్తోంది.
— ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

లెన్స్ గొట్టాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. చేత్తో లాగకండి, నొక్కకండి. లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలు విరిగితే మరమ్మతు ఖర్చు కెమెరా ధరను దాటుతుంది. బ్యాటరీ తీసేసి, లెన్స్ నేలవైపు ఉండేలా పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో గొట్టాల సందుల్లోకి గాలి కొట్టండి. మెత్తటి బ్రష్‌తో అంచులు తుడిచి, చార్జ్ నిండిన బ్యాటరీ వేసి ఆన్ చేయండి. రెండు మూడు సార్లకీ కదలకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. నూనె, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే మాత్రం వేయకండి; అవి లెన్స్ మీదికి పాకుతాయి.

మీ ఊరి తేమకు లెన్స్‌లో బూజు కూడా పడుతుంది, సాలీడు గూడులా సన్నని పోగులుగా కనిపిస్తుంది. తోలు కవరులో దాచకండి, అది తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, నెలకోసారైనా బయటికి తీసి వాడండి.

ప్రశ్న: గుంటూరులో ఉన్న నాన్నగారి కోసం ఇక్కడ కెమెరా కొని పంపాలనుకుంటున్నాను. అక్కడి కరెంటుకు పనిచేస్తుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ

చార్జర్ వెనక 100–240 వోల్టులు అని ఉంటే ఇబ్బంది లేదు, ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ చాలు. వారంటీ మాత్రం చాలా కంపెనీలది కొన్న దేశానికే పరిమితం. రిపేరు అవసరం పడితే ఇండియాలో డబ్బు కట్టాల్సి రావచ్చు, కొనే ముందే అడగండి. ఎవరితోనైనా పంపితే అదనపు బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టమనండి, చెకిన్ సామానులో వాటిని అనుమతించరు. పంపేలోగా మీరే తేదీ, సమయం భారత కాలమానానికి మార్చి, డిజిటల్ జూమ్ ఆపేసి, మోడ్ చక్రాన్ని ఆటో మీద ఉంచి, మణికట్టు తాడు కట్టి పంపండి.