జలుబు మాత్ర, అలర్జీ మాత్ర, జ్వరం మాత్ర: మూడూ ఒకే రోజు వేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అలర్జీకి రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటారు, బీపీకి ఒక మాత్ర ఉంది. రెండు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ, కాస్త జ్వరం. షాపులో ఇచ్చిన జలుబు మాత్రతో పాటు జ్వరానికి పారాసిటమాల్ కూడా వేసుకోవచ్చా, అదే జలుబు మాత్ర సగం విరిచి మీ ఐదేళ్ల పాపకు ఇవ్వచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మూడూ కలిపి వద్దు. పాపకు అసలే వద్దు. నేను డాక్టర్ని కాదు, కానీ మీరు చేయబోతున్న పనే నేను ఒకసారి చేశాను.

నాకు తుమ్ములు పాత చుట్టాలు. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట ఏళ్లుగా అలవాటు. ఆ మీద గట్టిగా జలుబు చేసింది. జలుబు మాత్ర తెచ్చి రోజుకు నాలుగు చొప్పున మొదలుపెట్టాను. ఒళ్లునొప్పులు తగ్గలేదని జ్వరం మాత్ర 650ది మూడు పూటలా వేశాను. నా లెక్కలో ఇవి మూడు జబ్బులకు మూడు మందులు. రెండో రోజు నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. బండి మీద సిగ్నల్ దగ్గర ఆగి, వెనక హారన్లు మోగేదాకా పచ్చ లైటు పడిందని గమనించలేదు. జలుబు వల్ల నీరసం అనుకున్నాను.

సాయంత్రం మా అక్క వచ్చింది. తను ఫార్మసిస్టు. నేను ఇంకో జ్వరం మాత్ర తీయబోతుంటే చేయి పట్టుకుని, రెండు స్ట్రిప్పులూ వెనక్కి తిప్పి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. "ఏరా, పేర్లు వేరైతే మందులు వేరనుకున్నావా?" అంది. జలుబు మాత్ర వెనక సన్నని అక్షరాల్లో మూడు పేర్లున్నాయి: పారాసిటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2 మిల్లీగ్రాములు. అక్క కాగితం మీద కూడింది. జలుబు మాత్రల్లో 500 చొప్పున నాలుగు సార్లు, 2000. జ్వరం మాత్ర అంటే అదీ పారాసిటమాలే, 650 చొప్పున మూడు సార్లు, 1950. మొత్తం 3950 మిల్లీగ్రాముల పారాసిటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా రోజు మొత్తానికి 4000 దాటకూడదు. నేను తీయబోయింది ఆ రోజుకు ఎనిమిదో మాత్ర.

పారాసిటమాల్ మంచి మందే, మోతాదు మించనంత వరకు. మించితే కాలేయం దెబ్బతింటుంది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, మహా అయితే కాస్త వికారం. కాలేయం పాడైన సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. విరుగుడు మందు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు, కానీ ఎనిమిది గంటల లోపు ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువ వేసుకున్నామని లెక్క తేలితే ఒంట్లో బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. మద్యం అలవాటు, కాలేయ సమస్య, బాగా తక్కువ బరువు, వీటిలో ఏది ఉన్నా 4000 కూడా ఎక్కువే. ఇంకో మాట, కొన్ని పెట్టెల మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. అదీ ఇదే.

ఇక మీ సెట్రిజిన్. జలుబు మాత్రలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అలర్జీ మందే, పాత తరం మందు. రెండూ కలిస్తే తుమ్ములు రెండింతలు తగ్గవు, మత్తు మాత్రం రెండింతలవుతుంది. రాత్రి వేసుకున్నాను కదా, పొద్దుటికి దిగిపోతుందనుకోవద్దు. క్లోర్‌ఫెనిరమిన్ ఒంట్లో చాలా గంటలు ఉంటుంది, మర్నాడు బండి నడిపేటప్పుడు కూడా. దాని మీద మద్యం తాగితే చెప్పనక్కర్లేదు.

మూడోది ఫినైలెఫ్రిన్, ముక్కు దిబ్బడ కోసం కలుపుతారు. ఇది రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అడక్కుండా వేసుకోవద్దని రాసి ఉంటుంది. సూడోఎఫెడ్రిన్ అనే ఇంకో దిబ్బడ మందు ఉన్న మాత్రలకైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఇందులో నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. మాత్రగా మింగిన ఫినైలెఫ్రిన్‌లో చాలా భాగం రక్తంలో కలవకముందే విరిగిపోతుంది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ, నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని తేల్చింది. 2024 నవంబరులో దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మే దిబ్బడ మందుల జాబితా నుంచి తీసేద్దామని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. బీపీ ఉన్న మీరు పనిచేయని మందు కోసం ఆ టెన్షన్ పడటం ఎందుకు?

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. అక్క నాకు క్లాసు పీకిన ఏడాదికే జరిగింది ఇది, అంటే నేను నేర్చుకున్నది ఇంట్లో చెప్పలేదన్నమాట. ఆయనకు డెబ్బై దాటాయి, మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి కొంచెం పెరిగి ఉంది. జలుబు చేస్తే ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ఇలాంటి మాత్రలే వేసుకున్నారు. మూడో రాత్రి మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు ఉబ్బి, నిలబడలేక, కూర్చోలేక విలవిల్లాడిపోయారు. ఆస్పత్రిలో గొట్టం వేసి తీశారు. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "జలుబుకేమైనా వేసుకున్నారా?" అనే. పాత తరం అలర్జీ మందు మూత్రాశయం కండరాన్ని నీరసపరుస్తుంది, దిబ్బడ మందు దాని మూతిని బిగిస్తుంది. ప్రొస్టేట్ పెరిగి ఉన్నవాళ్లకు రెండూ ఒకేసారి పడితే ఇంతే. కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్లు కూడా అడిగాకే వేసుకోవాలి. పెద్దవాళ్లలో ఈ పాత మందులు తికమక, తూలి పడిపోవడం కూడా తెస్తాయి.

పాప విషయం. సగం విరిస్తే సగం మోతాదు వస్తుందేమో గానీ, అది పిల్లల మోతాదు కాదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ జలుబు, దగ్గు మందులు ఇవ్వొద్దని ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది, తయారీదారులు నాలుగేళ్ల లోపు వద్దని రాస్తున్నారు. ఐదేళ్లు నిండాయి కదా అని పెద్దవాళ్ల మాత్ర పనికిరాదు. జ్వరం ఉంటే పిల్లల పారాసిటమాల్ సిరప్ ఒక్కటే, అదీ బరువును బట్టి, సీసాతో వచ్చిన కప్పుతోనో సిరంజితోనో కొలిచి ఇవ్వండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. చుక్కల మందుకీ సిరప్‌కీ గాఢత వేరు, ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, కాంబినేషన్ మాత్ర కొనడం మానేశాను. ఏది బాధపెడుతుంటే దానికి విడిగా ఒక్క మందు. జ్వరం, నొప్పులుంటే పారాసిటమాల్. సెట్రిజిన్ ఎలాగూ నడుస్తోంది కాబట్టి దాని మీద ఇంకో అలర్జీ మందు లేదు. ముక్కుకు ఉప్పునీటి స్ప్రే. ఆక్సీమెటాజొలిన్ లాంటి దిబ్బడ స్ప్రే మరీ ఊపిరాడని రాత్రికి, అదీ మూడు రోజులకు మించి కాదు. ఒకసారి రెండు వారాలు వాడితే స్ప్రే లేనిదే ముక్కు తెరుచుకోని స్థితికి వచ్చాను, మానడానికి నరకం చూశాను. మీకు బీపీ ఉంది కాబట్టి ఆ స్ప్రే కూడా అడిగి తీసుకోండి. దగ్గు సిరప్ కొంటే అందులో డెక్స్‌ట్రోమెథోర్ఫాన్ ఉందేమో చూడండి. డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు అది పడకపోవచ్చు.

అసలిది జలుబా, అలర్జీ ముదిరిందా అన్నది కూడా చూసుకోండి. అలర్జీకి జ్వరం రాదు, కళ్లు, ముక్కు దురద పెడతాయి, వారాల తరబడి సాగుతుంది. జలుబు మామూలుగా వారం, పది రోజుల్లో పోతుంది. పది రోజులు దాటినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ రాత్రికి మీ సెట్రిజిన్, అవసరమైతే పారాసిటమాల్ ఒకటి, అంతే. షాపువాళ్లు ఇచ్చిన జలుబు మాత్ర పక్కన పెట్టండి. ఇప్పటికే వేసుకుని ఉంటే వెనక ఉన్న మిల్లీగ్రాములు, వేసుకున్న టైము కాగితం మీద రాసుకుని, దాన్ని కూడా కలిపి లెక్క చూశాకే తర్వాతి డోసు. మీ బీపీ మాత్ర పేరు ఇక్కడ రాయలేదు, రేపు షాపులో మాత్రం అది ముందు చెప్పి ఆ తర్వాత మందు అడగండి.