పాఠకుల సందేహాలు: కంటి పరీక్ష విషయంలో చట్టం ఏమంటోంది?

అమెరికాలోని పాఠకులు కంటి పరీక్షల గురించి రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. నాలుగూ టెక్సస్ నుంచే వచ్చాయి. చూపు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రీ వృత్తిని అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నియంత్రిస్తుంది కాబట్టి, కింద రాష్ట్ర చట్టం అన్న చోటల్లా టెక్సస్ చట్టమనే అర్థం చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ నిబంధనలు మాత్రం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తాయి.

ప్రశ్న: కళ్ళజోళ్ళ దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఒక ఆప్టోమెట్రిస్టు దగ్గర గత నెల మొదటిసారి పరీక్ష చేయించుకున్నాను. సహాయకురాలు ఒక యంత్రంలోకి చూడమన్నారు. తర్వాత డాక్టరు గారు వచ్చి, అయిదారు అద్దాలు మార్చి ఏది బాగుందో అడిగి, పది నిమిషాలలో పంపించేశారు. ఆ కొత్త జోడుతో కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుంటే తలనొప్పి వస్తోంది. పరీక్ష ఎలా చెయ్యాలో చట్టంలో ఎక్కడైనా ఉందా? నేను ఫిర్యాదు చెయ్యవచ్చా? (ఫ్రిస్కో పాఠకురాలు)

జవాబు: ఉంది, అదీ చాలా స్పష్టంగా ఉంది. టెక్సస్ ఆక్యుపేషన్స్ కోడ్‌లోని 351వ అధ్యాయం ఆప్టోమెట్రీకి సంబంధించినది. అందులోని 351.353వ సెక్షను, కళ్ళజోడు ప్రిస్క్రిప్షన్ మీద సంతకం పెట్టే ఆప్టోమెట్రిస్టు తొలి పరీక్షలో ఏయే అంశాలు చూసి నమోదు చెయ్యాలో పేరుపేరునా చెబుతుంది. అవి మొత్తం పది. కంటి చరిత్రతో పాటు శరీర ఆరోగ్యం, చేసే పని వివరాలు కూడా అడిగి రాసుకోవడం మొదటిది. చూపు ఎంత ఉందో కొలవడం, రెప్పలనూ నల్లగుడ్డు పైపొరనూ తెల్లగుడ్డునూ స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శినితో చూడడం, కంటి లోపలి భాగాన్నీ రెటీనానూ పరిశీలించడం ఆ తర్వాతివి. రెటినోస్కోపుతోనో ఆటోరిఫ్రాక్టర్ యంత్రంతోనో పవర్ లెక్కగట్టడం, దూరపు చూపుకూ దగ్గరి చూపుకూ మీరు చెప్పే సమాధానాలను బట్టి ఆ పవర్‌ను సరిచూడడం, రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయో లేదో గమనించడం, దగ్గరి వస్తువు మీద దృష్టి నిలిపే శక్తి ఎంత ఉందో కొలవడం, కంటి లోపలి పీడనం చూడడం, కుడికీ ఎడమకీ పక్కచూపు ఎంతవరకు ఉందో పరీక్షించడం మిగిలినవి.

మీరు చూసిన యంత్రం ఆటోరిఫ్రాక్టర్ అయి ఉండాలి. ఈ పది అంశాలలో అది చెప్పగలిగేది ఒక్కటే. పవర్ అంకెలు వచ్చేస్తే పరీక్ష పూర్తయినట్టేనని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. శాసనకర్తలు మాత్రం అలా భావించలేదు. నీటికాసుల జబ్బునే (గ్లాకోమా) తీసుకోండి. నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, సూటిచూపు చివరిదాకా బాగానే ఉంటుంది, ఈలోగా పక్కచూపు తరిగిపోతుంది. పవర్ కోసం వచ్చిన మనిషికి పీడనమూ పక్కచూపూ కూడా చూడమని చట్టం చెప్పకపోతే, ఆ మనిషికి తన జబ్బు సంగతి చాలా ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఉంది. ఈ జాబితాను కాగితాల తంతుగా తీసిపారేయకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఇక మీ తలనొప్పి. దూరానికి సరిపోయిన పవర్ దగ్గరకూ సరిపోతుందని చెప్పలేము. రెండు కళ్ళూ ఒకే బిందువు మీద సులువుగా కలవకపోయినా, దగ్గరి దృష్టిని నిలిపే శక్తి తగ్గుతున్నా (నలభై దాటిన వారిలో ఇదే చత్వారంగా బయటపడుతుంది), తెర ముందు కూర్చున్నప్పుడు మీరు చెప్పిన లక్షణమే కనిపించవచ్చు. చట్టం పేర్కొన్న పదింటిలో దగ్గరి చూపు, రెండు కళ్ళ సమన్వయం, దృష్టి నిలిపే శక్తి అనే మూడూ దీనికి నేరుగా సంబంధించినవే. మీరు రోజుకు ఎన్ని గంటలు తెర ముందు ఉంటారో, తెర ఎంత దూరంలో ఉంటుందో ఎవరూ అడగకపోయి ఉంటే, మొదటి అంశం దగ్గరే లోటు మొదలైందన్నమాట.

అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. పది నిమిషాలలో ముగిసింది కాబట్టి పరీక్ష లోపభూయిష్ఠమని తీర్పు చెప్పలేము. చట్టం నిమిషాలను లెక్కించదు, అంశాలను లెక్కిస్తుంది. వాటిలో కొన్నింటిని సహాయకులు ముందుగానే చేసి ఉండవచ్చు. స్లిట్ ల్యాంప్ పరీక్ష, కంటి లోపలి పరిశీలన మాత్రం సంతకం పెట్టే ఆప్టోమెట్రిస్టే స్వయంగా చెయ్యాలని, ఈ వృత్తిని పర్యవేక్షించే టెక్సస్ ఆప్టోమెట్రీ బోర్డు నియమాలు చెబుతున్నాయి. ఏదైనా అంశం చెయ్యడం సాధ్యం కాకపోతే, ఎందుకు కాలేదో ఆ కారణాన్ని రికార్డులో రాయాలి. కాబట్టి అసలు సంగతి తేల్చేది ఆ రికార్డే. హిపా అనే కేంద్ర చట్టం కింద మీ రికార్డు ప్రతిని కోరే హక్కు మీకు ఉంది. రాతపూర్వకంగా అడిగితే సాధారణంగా 30 రోజులలోపు ఇవ్వాలి. ప్రతి చేతికి వచ్చాక, పది అంశాలలో ఏవి నమోదయ్యాయో మీరే సరిచూసుకోవచ్చు.

దానికన్నా ముందు చెయ్యవలసిన పని ఒకటి ఉంది. తప్పు పరీక్షలో కాకుండా జోడు తయారీలో జరిగి ఉండవచ్చు. అద్దాల కేంద్రం మీ కనుపాపలకు ఎదురుగా లేకపోయినా తలనొప్పి వస్తుంది. జోడును లెన్సోమీటరులో (అద్దాల పవర్ కొలిచే పరికరం) పెట్టి, ప్రిస్క్రిప్షన్‌లోని అంకెలతో పోల్చమని అడగండి. అంకెలు సరిపోతే మళ్ళీ పరీక్షకు వెళ్ళి, కంప్యూటర్ పని గురించి మీరే ముందుగా చెప్పండి. రికార్డులో ఖాళీలు కనబడి, అడిగినా సరైన సమాధానం రాకపోతే, అప్పుడు టెక్సస్ ఆప్టోమెట్రీ బోర్డుకు ఫిర్యాదు చెయ్యండి. ఆ బోర్డులో తొమ్మిది మంది సభ్యులు ఉంటారు. వారిలో ఆరుగురు వృత్తిలోని వారు, ముగ్గురు సామాన్య ప్రజల ప్రతినిధులు. విచారణ జరిపి జరిమానా విధించడం, లైసెన్సును నిలిపివేయడం, రద్దు చెయ్యడం బోర్డు అధికారంలో ఉన్నవే. ఆరోగ్యానికి జరిగిన హానికి నష్టపరిహారం కావాలంటే మాత్రం న్యాయస్థానానికే వెళ్ళాలి.

ప్రశ్న: పరీక్ష అయ్యాక ప్రిస్క్రిప్షన్ అడిగితే, జోడు ఇక్కడే తీసుకుంటారు కదా అంటూ చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి ఇచ్చారు గానీ కనుపాపల మధ్య దూరం రాయలేదు. ఇంటర్నెట్‌లో జోడు కొందామంటే ఆ అంకె అడుగుతున్నారు. అసలు దుకాణానికీ డాక్టరుకూ మధ్య ఏ గీతా లేదా? (ఇర్వింగ్ పాఠకుడు)

జవాబు: గీత ఉంది. కొన్నిచోట్ల అది అక్షరాలా గోడే. కళ్ళజోళ్ళు తయారుచేసేవారు గానీ అమ్మేవారు గానీ ఆప్టోమెట్రిస్టు వృత్తి నిర్ణయాలను అదుపు చెయ్యడాన్ని టెక్సస్ చట్టం నిషేధిస్తుంది. ఎంతమందిని చూడాలి, ఏం రాయాలి అన్నవి వైద్యం చేసేవారే నిర్ణయించుకోవాలి. దుకాణం ఆవరణలో స్థలం అద్దెకు తీసుకున్న ఆప్టోమెట్రిస్టు గది విడిగా ఉండాలన్న నియమానికి మూలం కూడా ఇదే.

ప్రిస్క్రిప్షన్ సంగతి మాత్రం కేంద్ర స్థాయి నిబంధన. వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో తెచ్చిన నియమం ప్రకారం, పవర్ నిర్ధారణ పూర్తయిన వెంటనే ప్రిస్క్రిప్షన్ ప్రతిని రోగి చేతికి ఇవ్వాలి. మీరు అడిగితేనే ఇస్తామనకూడదు, దానికి వేరుగా రుసుము తీసుకోకూడదు, జోడు తమ దగ్గరే కొంటేనే పరీక్ష చేస్తామనీ అనకూడదు. పరీక్ష రుసుము చెల్లించాకే కాగితం ఇస్తామనడం తప్పు కాదు. అయితే జోడు అవసరం లేదని తేలిన రోగుల దగ్గర కూడా అక్కడికక్కడే రుసుము వసూలు చేసేవారికే అలా అనే వీలుంది.

ఈ నియమాన్ని 2024లో సవరించారు. జోళ్ళ అమ్మకంలో ఆర్థిక ప్రయోజనం ఉన్న వైద్యులు, ప్రిస్క్రిప్షన్ అందినట్టు రోగి చేత సంతకం చేయించుకుని, ఆ ఆధారాన్ని కనీసం మూడేళ్ళు భద్రపరచాలి. కాగితానికి బదులు ఈమెయిలు వంటి మార్గంలో పంపాలంటే రోగి సమ్మతి ఉండాలి. కాబట్టి ఈసారి మీ ముందు సంతకానికి ఒక కాగితం పెట్టినప్పుడు, ప్రిస్క్రిప్షన్ నిజంగా చేతికి వచ్చాకే సంతకం చెయ్యండి. రద్దీలో చాలామంది చూసుకోకుండా చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

కనుపాపల మధ్య దూరం ఇచ్చి తీరాలని కేంద్ర నియమం చెప్పదు. దాన్ని రాష్ట్రాల చట్టాలకు వదిలేసింది. ఆ కొలత సాధారణంగా జోడు అమర్చే ఆప్టీషియన్ తీసుకుంటారు. మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు, కొందరు దానికి రుసుము అడుగుతారు. అయితే ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో పవర్ క్రమంగా మారేవి) వాడేవారికి ఈ ఒక్క అంకె సరిపోదు. ఫ్రేము ముఖం మీద కూర్చున్నాక, కనుపాప అద్దంలో ఏ ఎత్తున ఉంటుందో కూడా కొలవాలి. ఆ అద్దాలను ముఖం చూడకుండా కొనడం మంచిది కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్నగారు ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చారు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. ఆయన కళ్ళు ఆప్టోమెట్రిస్టుకు చూపిస్తే చాలా, ఆఫ్తల్మాలజిస్టు దగ్గరికే వెళ్ళాలా? వేరే రాష్ట్రంలో ఉన్న మా అన్నయ్య ఒకలా, నేను ఒకలా వింటున్నాం. (ప్లేనో పాఠకురాలు)

జవాబు: మీ ఇద్దరూ విన్నది నిజమే కావచ్చు. ఆప్టోమెట్రీని చట్టబద్ధంగా గుర్తించిన మొదటి రాష్ట్రం మిన్నెసోటా. అది 1901లో జరిగింది. అప్పట్లో ఆ వృత్తి అద్దాలు రాయడం వరకే. రోగ నిర్ధారణ కోసం చుక్కల మందు వాడే అధికారం 1971లో రోడ్ ఐలాండ్‌లో, చికిత్సకు మందులు రాసే అధికారం 1976లో వెస్ట్ వర్జీనియాలో మొదట వచ్చాయి. ఓక్లహోమాలో కొన్ని లేజర్ చికిత్సలు కూడా చెయ్యవచ్చు. ఇలా ప్రతి అధికారాన్నీ ఒక్కొక్క రాష్ట్ర శాసనసభ విడిగా చర్చించి ఇస్తూ వచ్చింది కనుక, సరిహద్దు దాటితే అదే పట్టా ఉన్న వ్యక్తి చెయ్యగలిగే పని మారిపోతుంది. రాష్ట్రాలకు ఇంత స్వేచ్ఛ ఉందా అనిపించవచ్చు. పాత అద్దాలను కొత్త ఫ్రేములో బిగించాలన్నా ప్రిస్క్రిప్షన్ కావాలన్న ఓక్లహోమా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1955లోనే సమర్థించింది. అటువంటి నిబంధనల మంచిచెడ్డలు తూచవలసింది శాసనసభేనని అభిప్రాయపడింది.

టెక్సస్‌లో థెరప్యూటిక్ ఆప్టోమెట్రిస్టు అనే లైసెన్సు ఉన్నవారు కంటి మందులు రాయగలరు. నీటికాసుల చికిత్సకు అదనంగా ఆప్టోమెట్రిక్ గ్లాకోమా స్పెషలిస్టు అర్హత ఉండాలి. ఆఫ్తల్మాలజిస్టు అంటే వైద్యవిద్య చదివి శస్త్రచికిత్స కూడా చేసే కంటి వైద్యుడు. మీ నాన్నగారి రెటీనాను మొదట పరీక్షించడానికి ఆప్టోమెట్రిస్టు చాలు. అక్కడ రక్తస్రావమో వాపో కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా రెటీనా నిపుణుల దగ్గరికి పంపుతారు.

ఒక మాట గట్టిగా చెబుతాను. పైన చెప్పిన పది అంశాలలో, చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేసి చూడాలన్న మాట లేదు. షుగరు ఉన్నవారికి మాత్రం సాధారణంగా ఏడాదికోసారి అలా చూడడమే వైద్యరంగం అంగీకరించిన పద్ధతి. చట్టం పెట్టిన జాబితా అందరికీ వర్తించే కనీస హద్దు మాత్రమే. ఒక రోగి జబ్బును బట్టి వైద్యుడు చూపవలసిన శ్రద్ధ అంతకన్నా ఎక్కువ కావచ్చు. కాబట్టి అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే షుగరు సంగతి, దానికి వాడుతున్న మందులు చెప్పండి. చుక్కలు వేస్తారా అని అడగండి. వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకబారుతుంది, వెలుతురు భరించడం కష్టమవుతుంది. అందుకని కారు మీరు నడిపితే మేలు.

ప్రశ్న: మా అమ్మాయి నాట్య ప్రదర్శన కోసం రంగు కాంటాక్ట్ లెన్సులు కావాలంటోంది. చూపు బాగానే ఉంది, పవర్ అక్కర్లేదు. అలాంటి వాటికీ ప్రిస్క్రిప్షన్ కావాలా? నా లెన్సుల ప్రిస్క్రిప్షన్ కూడా ఏడాదికే ముగిసిందన్నారు. ఎందుకలా? (ఆస్టిన్ పాఠకురాలు)

జవాబు: కావాలి. పవర్ లేని అలంకరణ లెన్సులు సహా కాంటాక్ట్ లెన్సులన్నింటినీ 2005లో కేంద్ర చట్టం వైద్య పరికరాలుగా ప్రకటించింది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. లెన్సు నల్లగుడ్డు పైపొర మీద కూర్చుంటుంది. దాని వంపు ఆ కంటికి సరిపోకపోతే పొర గీసుకుపోయి పుండు పడవచ్చు, చూపే పోవచ్చు. పవర్ లేదన్న మాట ఈ ప్రమాదాన్ని ఏమాత్రం తగ్గించదు.

మీ ప్రిస్క్రిప్షన్ గడువు విషయానికి వస్తే, 2003లో వచ్చిన కేంద్ర చట్టం కింద కాంటాక్ట్ లెన్సుల ప్రిస్క్రిప్షన్‌కు కనీసం ఒక సంవత్సరం గడువు ఉండాలి. వైద్య కారణం ఉండి, దాన్ని రికార్డులో రాస్తేనే అంతకన్నా తగ్గించవచ్చు. గడువు లోపల మీరు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ప్రిస్క్రిప్షన్ ప్రతి లేని పక్షంలో, అమ్మే సంస్థ మీ వైద్యుడిని సంప్రదిస్తుంది. ఎనిమిది పని గంటలలో జవాబు రాకపోతే ప్రిస్క్రిప్షన్ సరైనదిగానే పరిగణించి లెన్సులు పంపే వీలుంది. గడువు దాటిందంటే మాత్రం మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. మీరు ఎలాగూ వెళ్తారు కాబట్టి, అమ్మాయిని కూడా అదే రోజు తీసుకెళ్ళండి. ప్రదర్శనకు కొన్ని వారాల ముందే వెళ్తే, లెన్సు పెట్టడం, తీయడం, శుభ్రపరచడం నేర్చుకోవడానికి ఆ పిల్లకు వ్యవధి దొరుకుతుంది.