రీమిక్స్ రికార్డు కొనేముందు నిమిషాలు లెక్కపెట్టండి

మీకు నచ్చిన ట్రాక్ రీమిక్స్ రెండు రకాలుగా దొరుకుతోందన్నారు. ఎనిమిది రీమిక్సులు కలిపిన ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే లాంగ్ ప్లే రికార్డు) ఒకటి, ఒక్కో వైపు ఒక్క రీమిక్సే ఉన్న 12 అంగుళాల సింగిల్ ఇంకొకటి. ఏది తీసుకోవాలని మీ ప్రశ్న. సింగిలే తీసుకోండి. ట్రాకులు ఎక్కువ వస్తాయని నేను ఎల్పీ కొని బాధపడ్డాను.

అందులో ఒక్కో వైపు 26 నిమిషాలు. డిజిటల్ ఫైల్‌లో గుండెల మీద మోదినట్టుండే కిక్ డ్రమ్ (బీట్‌లోని బరువైన డ్రమ్ దెబ్బ) రికార్డులో మెత్తగా, దూరంగా వినిపించింది. వాల్యూమ్ పెంచితే పాటతో పాటు చిటపటలూ పెరిగాయి. ముల్లు అరిగిందేమోనని కొత్తది వేశాను. ఏం మారలేదు. కొన్నాళ్లకు ఒక స్నేహితుడు అదే రీమిక్స్ సింగిల్ తెచ్చాడు. అదే టర్న్‌టేబుల్, అదే ముల్లు. మొదటి దెబ్బకే నాకు విషయం అర్థమైంది.

బేస్ ఎంత గట్టిగా ఉంటే రికార్డు మీద ముల్లు నడిచే గాడి అంత వెడల్పుగా ఊగుతుంది, అంటే అంత చోటు కావాలి. ఒకే వైపు నాలుగు ట్రాకులు ఇరికిస్తే గాడులు దగ్గర దగ్గరగా వెయ్యాలి కాబట్టి, పాటను రికార్డు మీదికి ఎక్కించడానికి సిద్ధం చేసే మాస్టరింగ్ ఇంజనీర్ శబ్దం తగ్గించక తప్పదు, బేస్ కూడా కొంత కోస్తాడు. పైగా ఎల్పీ తిరిగే 33⅓ వేగంలో (నిమిషానికి అన్ని చుట్లు) అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి కదిలితే, మధ్యలోని లేబుల్ దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. చివరి ట్రాకులో హై-హ్యాట్లు (డ్రమ్స్‌లోని జంట తాళాలు) చిరిగినట్టు వినిపించేది అందుకే. సింగిల్ సాధారణంగా 45 వేగంలో తిరుగుతుంది, పాట కూడా అంచు వైపే ఎక్కువగా ఉంటుంది.

అసలు 12 అంగుళాల సింగిల్ పుట్టిందే రీమిక్సుల కోసం. 1970ల్లో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే రీమిక్స్ కళాకారుడు ఒక పాట కట్ చేయించడానికి, అంటే డిస్కు మీద గాడులు చెక్కించడానికి, వెళ్తే 7 అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయట. 10 అంగుళాల దాని మీద గాడులు విడివిడిగా పరిచి కట్ చేస్తే, శబ్దం అంతకు ముందెన్నడూ విననంత గట్టిగా వచ్చింది. ఆ తర్వాత పెద్ద డిస్కుల మీద సింగిల్స్ వచ్చాయి. 1976లో సాల్సోల్ అనే రికార్డు సంస్థ డీజే వాల్టర్ గిబ్బన్స్ చేసిన రీమిక్స్‌ను 12 అంగుళాల సింగిల్‌గా దుకాణాల్లోకి తెచ్చింది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కొనేముందు ఇంకొకటి చూడండి. వినైల్ (ఈ ప్లాస్టిక్ రికార్డుల) కోసం విడిగా మాస్టరింగ్ చేశారా? లోతైన బేస్ స్టీరియోలో రెండు వైపులా పరుచుకుంటే గాడి పైకీ కిందికీ కదిలి ముల్లు ఎగిరిపడే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ లోతైన బేస్‌ను మోనో చేస్తారు, అంటే రెండు వైపులా ఒకటే శబ్దం వచ్చేలా. శ్రద్ధగా కట్ చేసిన రికార్డుల్లో లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో ఇంజనీర్ పొడి అక్షరాలు చాలాసార్లు చెక్కి ఉంటాయి. పాత రికార్డు కొనేటప్పుడు నేను ముందు అవే వెతుకుతాను.

మీ రీమిక్సులు బీట్ లేకుండా మెల్లగా సాగే యాంబియంట్ రకం అయితే మాత్రం ఆ ఎల్పీ పర్వాలేదు, వాటికి అంత చోటు అక్కర్లేదు.