టీబీ మందులు మొదలయ్యాక హెచ్ఐవీ మాత్రలు ఆపొచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. మా ఆయనకు 38 ఏళ్లు, తాపీ పని చేస్తారు. మూడేళ్లుగా ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మాత్రలు వాడుతున్నారు. రెండు నెలలు దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించాం. కళ్లె పరీక్షలో మొదట ఏమీ లేదన్నారు. తర్వాత ట్రూనాట్ అనే మరో పరీక్షలో టీబీ అని తేలింది. మందులు మొదలుపెట్టి పది రోజులైంది. వాంతులవుతున్నాయి. టీబీ తగ్గేదాకా హెచ్ఐవీ మాత్రలు ఆపేస్తానంటున్నారు. ఆశా కార్యకర్త ఇంటికొస్తే ఊరంతా తెలిసిపోతుందని ఆయన భయం. మాకు నాలుగేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ఏఆర్‌టీ ఆపనివ్వకండి. ఆపితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి టీబీ ఇంకా ముదురుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది వేరే విషయం. టీబీ సంగతి ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పారో లేదో మీరు రాయలేదు. ఆయన వాడేది రోజుకొక్క టీఎల్‌డీ మాత్ర అయితే, అందులో డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు ఉంటుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల అది రక్తంలో బాగా తగ్గిపోతుంది. అందుకని టీబీ చికిత్స సాగినన్నాళ్లూ, అది పూర్తయ్యాక మరో 2 వారాలూ, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఇంకొకటి ఇస్తారు. అక్కడ తెలియకపోతే ఆ రెండో మాత్ర ఎవరిస్తారు? వచ్చే నెల తేదీ దాకా ఆగకండి, రెండు చోట్ల ఇచ్చిన కార్డులూ తీసుకుని ఈ వారమే వెళ్లండి. టీబీ మందులు కూడా అక్కడే ఇస్తారేమో అడగండి. హెచ్ఐవీ, టీబీ రెండూ ఉన్నవారికి ఒకేచోట ఇచ్చే పద్ధతి ఉంది.

వాంతుల గురించి. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, రిఫాంపిసిన్‌తో అది మామూలే. కళ్లు పచ్చబడితే మాత్రం, లేదా ఏది తిన్నా నిలవకపోతే, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి లివర్ పరీక్ష చేయించండి. అప్పుడు ఏ మందు ఆపాలో అక్కడి డాక్టరే చెబుతారు. కడుపులో మంటని ఆర్ఎంపీ గ్యాస్ సిరప్ ఇస్తే, మాత్రలతో కలిపి తాగించొద్దు. డోలుటెగ్రావిర్ సరిగా ఒంటబట్టదు. మాత్ర వేసుకున్నాక 2 గంటలైనా ఆగాలి. సిరప్ ముందే తాగితే 6 గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి.

మొదటి కళ్లె పరీక్షలో ఏమీ కనబడకపోవడం వింత కాదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల కళ్లెలో క్రిములు తక్కువగా ఉండి మైక్రోస్కోపుకు దొరకవు. మీరు అక్కడితో వదిలేయకుండా ట్రూనాట్ దాకా వెళ్లారు, అది చాలా మంచి పని.

ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పల్లెల్లో ఒక్క మాట బయటపడితే కూలి పని కూడా దొరకని సంగతి నాకు తెలుసు. కానీ ఆశా కార్యకర్త వచ్చేది టీబీ కోసం. టీబీ ఎవరికైనా వస్తుంది, హెచ్ఐవీ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేదు. నమ్మి చెప్పిన ఆ విషయాన్ని ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది. మనసు విప్పి మాట్లాడాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయమనండి, డబ్బులు పడవు.

టీబీ రోగికి పోషణ కోసం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడుతున్నాయో లేదో చూసుకోండి.

ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేటప్పుడు పాపను కూడా తీసుకెళ్లండి. టీబీ లేదని తేలితే, అయిదేళ్లలోపు పిల్లలకు రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. మీరు, పాప హెచ్ఐవీ పరీక్ష ఇంకా చేయించుకోకపోతే అదే రోజు చేయించుకోండి. కంచాలు, గ్లాసులు వేరు చేయాల్సిన అవసరం లేదు. కొన్నాళ్లు ఆయన్ను గాలి ఆడే చోట, వసారాలో పడుకోమనండి. దగ్గేటప్పుడు నోటికి కండువా అడ్డం పెట్టుకోమనండి.