వేవిళ్ళ నెలల్లో మీ ఇద్దరికీ

బుజ్జీకి, అల్లుడుగారికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "పెద్దమ్మా, రెండు గీతలు వచ్చాయి" అన్నాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక కారణమైతే, నీ గొంతులో ఆ సంతోషం వెనకాల వినిపించిన భయం ఇంకో కారణం. "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తయ్యగారు అన్నారు" అని గుసగుసగా చెప్పి పెట్టేశావు. అల్లుడుగారు పక్కనే ఉన్నట్టు తెలుస్తోంది కానీ ఆయన గొంతు ఒక్కసారి కూడా వినబడలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

నేను కోనసీమ లంకల్లో 31 ఏళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ వెళ్ళే సర్కారు నర్సుగా తిరిగాను. ఎంతమంది నెల తప్పిన పిల్లల్ని చూశానో లెక్కలేదు. వాళ్ళందరిలో నేను గమనించింది ఒకటుంది. ఏడో నెల వచ్చేసరికి ఇంటిల్లిపాదీ సాయానికి వస్తారు, బస్సులో తెలియనివాళ్ళు కూడా లేచి సీటిస్తారు. ఒళ్ళు మాత్రం ఎక్కువ అల్లాడిపోయేది కడుపు కనబడని ఈ మొదటి మూడు నెలల్లోనే. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ చెయ్యి వెయ్యరు. తెలిసిన మనిషి భర్త ఒక్కడే. ఆ ఒక్కడూ ఏం మాట్లాడాలో తెలియక ఊరుకుంటే, ఆ పిల్ల నిండు కాపురంలో ఒంటరిదైపోతుంది. ఈ ఉత్తరంలో మిగతా విషయాలు మీ డాక్టరమ్మ కూడా చెబుతుంది. ఇది మాత్రం ఇంట్లోవాళ్ళమే చెప్పాలి.

ముందు లెక్క సంగతి. డాక్టరు చీటీ మీద "5 వారాలు" అని రాస్తే కంగారుపడకండి. నెలలు లెక్కపెట్టేది చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి. నిజానికి గర్భం నిలిచేది ఆ తర్వాత రెండు వారాలకి. మా లంకలో ఒకసారి ఏమైందంటే, కువైట్ నుంచి ఒకబ్బాయి వచ్చి 22 రోజులైంది. భార్య పరీక్ష చేయించుకుంటే చీటీలో 5 వారాలని వచ్చింది. అత్తగారు వేళ్ళ మీద లెక్కపెట్టి ఆ పిల్లని పుట్టింటికి పొమ్మంది. నేను రేవు దాటి వెళ్ళి, క్యాలెండర్ కిందపెట్టి, ఆ రెండు వారాల లెక్క మూడుసార్లు చెబితే గానీ ఇంట్లో పొయ్యి వెలగలేదు. 40 వారాలంటే 280 రోజులు, అందులో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ ఉండదు. ఇది మగవాళ్ళు కూడా తెలుసుకోవాల్సిన లెక్క.

ఆ లెక్క తెలియకే స్కానింగ్‌కి ముందే పరిగెత్తుతారు. ఆరో వారం దాటితే గానీ గుండె కొట్టుకోవడం కనబడదు. నీకు నెలసరి 35 రోజులకి వస్తుందని మీ అమ్మ అనేది. అంటే నీ విషయంలో ఇంకో వారం ఆలస్యమని అర్థం. తొందరపడి వెళితే "సంచి కనబడుతోంది, గుండె ఇంకా కనబడలేదు, పది రోజులాగి రండి" అంటారు. ఆ పది రోజులూ ఇద్దరూ తిండీ నిద్రా లేకుండా గడుపుతారు. నొప్పీ రక్తస్రావం లేకపోతే ఏడు వారాలు నిండాక, నీకైతే ఎనిమిది దగ్గరపడ్డాక వెళ్ళండి. ఆ తర్వాత వదులుకోకూడని స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, బిడ్డ మెడ వెనక నీరు ఎంతుందో కొలవడానికి చేసే ఎన్‌టీ స్కాన్. ఆ గడువు దాటితే మళ్ళీ దాన్ని చేయలేరు కాబట్టి ఇప్పుడే తేదీ రాసిపెట్టుకోండి. ఆడా మగా అని ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. 1994 నుంచి చట్టం ఉంది. మీ అత్తగారి వైపు ఎవరైనా ఆ మాట ఎత్తితే సమాధానం అల్లుడుగారు చెప్పాలి, బుజ్జి కాదు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇవాళే మొదలుపెట్టు. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి తెలిసి పది పదిహేను రోజులే అయి ఉంటుంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే 400 మైక్రోగ్రాముల మాత్ర మామూలుగా చాలు. తల్లికి షుగరు, మూర్ఛ ఉన్నా, ఇంతకుముందు బిడ్డకి వెన్నులో లోపం వచ్చినా ఎక్కువ మోతాదు ఇస్తారు, అది డాక్టరుతో చెప్పాలి. ఐరన్ మాత్రలు సాధారణంగా నాలుగో నెల నుంచి 180 రోజులు ఇస్తాం. వాంతుల్లో అవి మింగితే ఇంకా వికారం. రక్తం బాగా తక్కువగా ఉంటే మాత్రం డాక్టరమ్మ ముందే మొదలుపెట్టొచ్చు. నువ్వు వాడే థైరాయిడ్ మాత్ర నీ అంతట నువ్వు ఆపొద్దు. ఈ నెలల్లో దాని అవసరం పెరుగుతుంది, వెంటనే థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూపించి మోతాదు అడుగు. మొటిమలకి ఎప్పుడో రాసిన బిళ్ళలు గానీ, మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు గానీ డాక్టరుకి చూపించకుండా వేసుకోకు.

రక్తపరీక్షలు ఒకేసారి రాస్తారు, చేయించుకోండి. మీ ఇద్దరి బ్లడ్ గ్రూపులూ కావాలి. నీది నెగటివ్, ఆయనది పాజిటివ్ అయితే తర్వాత ఇంజెక్షన్ అవసరమవుతుంది, మధ్యలో రక్తం కనబడినా ఆ మాట గుర్తుచేయాలి. మాతా శిశు రక్షణ కార్డు కూడా రాయించుకో. ప్రైవేటులో చూపించుకున్నా ఆ కార్డు నీ చేతిలో ఉండాలి.

ఇక వేవిళ్ళు. ఆరో వారంలో మొదలై తొమ్మిదో వారానికి ముదిరి, చాలామందికి 12 నుంచి 14 వారాలకి తగ్గుతాయి. నీకింకా మొదలవలేదన్నావు, వస్తే ఎలాగో చెబుతాను. మంచం దిగకముందే రెండు రస్కులో, గుప్పెడు మరమరాలో నమిలి, పది నిమిషాలాగి లేవాలి. ఖాళీ కడుపే సగం శత్రువు. మూడు పూటలా భోజనం మానేసి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తిను. చారన్నం, పెరుగన్నం, ఉప్పు వేసిన మజ్జిగ, పుట్నాలు, అరటిపండు, ఏది నిలిస్తే అదే తిండి. కాఫీ రోజుకి రెండు చిన్న కప్పులు దాటనివ్వకు. ఈ మూడు నెలల్లో ఒక కిలో తగ్గినా బిడ్డకి ఏమీ కాదు, వేరుశెనగ గింజంత బిడ్డకి ఎంత కావాలి చెప్పు.

అన్నం వార్పు వాసన, తాలింపు వాసన, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే వాసన. వీటికి కడుపు తిప్పేస్తుంది. బాబూ, ఇక్కడే మీరు రావాలి. వంట మీరు చేయండి. చేతకాకపోతే నేర్చుకోండి, కుక్కరులో పప్పూ అన్నం పెట్టడం రెండు రోజుల పని. ఆ సమయంలో బుజ్జిని తలుపు వేసి వేరే గదిలో ఉండనివ్వండి. మీరు కష్టపడి వండింది తను తినలేకపోతే బాధపడొద్దు, "బిడ్డ కోసమైనా తిను" అని బతిమాలొద్దు. ఆ మాట విన్న పిల్ల వాంతి చేసుకున్న ప్రతిసారీ తప్పు చేసినట్టు ఏడుస్తుంది. ఎంతమందిని చూశానో.

అయితే ఏది మామూలు, ఏది కాదో తెలియాలి. నీళ్ళు కూడా నిలవకపోవడం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం, వచ్చినా ముదురు పసుపు రంగులో రావడం, లేస్తే కళ్ళు తిరగడం, ఇవి వేవిళ్ళని ఊరుకునేవి కావు. లంకలో ఒక పిల్లకి పది రోజులు పచ్చి నీళ్ళు నిలవకపోతే "వాంతులు ఎక్కువైతే మగబిడ్డ" అని ఇంట్లో మురిసిపోయారు. నేను వెళ్ళేసరికి నాలుక ఎండిపోయి మాట కూడా రావడం లేదు. పడవ మీద దాటించి సెలైన్ ఎక్కించాం, మూడు రోజులకి కోలుకుంది. వాంతులకి మందులున్నాయి, అవి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవి. అడగడానికి మొహమాటపడొద్దు.

కడుపులో ఒక పక్క గుచ్చినట్టు విపరీతమైన నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వస్తే రాత్రి రెండైనా 108కి ఫోన్ చేయండి. గర్భం ట్యూబులో నిలిస్తే ఇలా ఉంటుంది, అది ప్రాణం మీదకి వస్తుంది. రక్తం ధారగా పోయినా, జ్వరం వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా ఆ రోజే చూపించాలి. చిన్న మరక కనబడిన వాళ్ళలో ఎక్కువమందికి బిడ్డ నిలుస్తుంది, కానీ చూపించకుండా ఊరుకోవద్దు.

బొప్పాయి గురించి అడిగావు. పచ్చికాయ, దోరకాయ వద్దు, అందులో పాలుంటాయి. బాగా మాగిన పండు ముక్క తిన్నందుకు ఏమీ కాదు. కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కో. బలపాలో పచ్చిబియ్యమో నమలాలని మనసు లాగితే సిగ్గుపడకుండా చెప్పు, రక్తం తక్కువైతే అలా అనిపిస్తుంది. పెద్దమ్మ ఇది కూడా రాసిందా అనుకోవద్దు గానీ, రక్తస్రావం లేకుండా, డాక్టరు వద్దనకుండా ఉంటే భార్యాభర్తలు దూరంగా పడుకోవాల్సిన పని లేదు. ఊరికే భయపడి దూరమైపోయిన జంటల్ని చూశాను, ఆ దూరం తర్వాత కూడా ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1979లో, నా 19వ ఏట, నాకు మొదటి కడుపు తొమ్మిదో వారంలో పోయింది. బావి నుంచి రెండు బిందెలు మోశానని ఇంట్లో ఒకరన్నారు, సందు చివర ఇంట్లో బొప్పాయి తిన్నానని ఇంకొకరన్నారు. నేనూ నమ్మాను. మీ పెదనాన్న ఆ పది రోజులూ పొద్దుపోయేదాకా కాలవగట్టు మీదే ఉండి, అందరూ పడుకున్నాక ఇంటికొచ్చేవారు. నా మీద కోపమనుకున్నాను. తర్వాత ఏఎన్ఎం శిక్షణలో మేడమ్ బోర్డు మీద రాసి చెబుతుంటే తెలిసింది, తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 15 మొదట్లోనే పోతాయని, వాటిలో సగం దాకా పిండం కణాల్లో క్రోమోజోములు సరిగ్గా కుదరకపోవడం వల్లేనని. బిందె మోసినందుకు కాదు, మెట్లెక్కినందుకు కాదు. మంచం దిగకుండా పడుకున్నా అవి ఆగవు. ఆ రోజు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాను. ఇంకా చాలా ఏళ్ళకి, మా పెద్దాడి పెళ్ళి పనుల్లో, మీ పెదనాన్న ఉన్నట్టుండి చెప్పారు, ఆ రోజుల్లో గట్టు మీద కూర్చుని తనూ ఏడ్చారట, నా ముందు ఏడిస్తే నేను తట్టుకోలేనని దాచుకున్నారట. ఒకే గదిలో పడుకుని ఇద్దరం అన్నేళ్ళు విడివిడిగా మోశాం.

మీకు అలా జరుగుతుందని రాయడం లేదు. స్కానులో గుండె కనబడ్డాక భయం చాలా తగ్గుతుంది. ఏది జరిగినా అది బుజ్జి చేసిన తప్పు కాదని ఈ రోజే, ఏమీ జరగకముందే, మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాలని రాస్తున్నాను. అవసరం పడకూడదు గానీ తెలిసి ఉండటం మంచిది, గర్భస్రావమైతే ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఆరు వారాల జీతంతో సెలవు చట్టంలో ఉంది. ప్రసవానికైతే మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. మీ ఆఫీసు వాళ్ళు పెట్టే కాగితాలు చదువుకో.

మూడో నెలదాకా చెప్పకూడదన్న మీ అత్తగారి మాట కాదనను. వాళ్ళ భయం వాళ్ళది, పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టొద్దు. అయితే ఇద్దరు ముగ్గురికి తెలిసి ఉండాలి. నీకు మీ అమ్మ, నేను. ఆఫీసులో నువ్వు నమ్మే ఒక మనిషి, ఎందుకంటే మీటింగు మధ్యలో లేచి బాత్రూమ్‌కి పరిగెత్తితే ఎవరో ఒకరు తోడు రావాలి. బాబూ, మీరు కూడా ఒకరికి చెప్పుకోండి, మీ అన్నయ్యకో, స్నేహితుడికో. మగవాళ్ళని ఈ విషయం ఎవరూ అడగరు, టెన్షన్ అంతా లోపలే పెట్టుకుంటారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు బయట కుర్చీలో కూర్చోకండి బాబూ. లోపలికి రావచ్చా అని అడగండి, వద్దంటేనే బయటుండండి. ఏం అడగాలో ఇంటి దగ్గరే ఇద్దరూ రాసుకుని తీసుకెళ్ళండి, లోపలికి వెళ్ళగానే అన్నీ మర్చిపోతాం. ఏదైనా ఇంజెక్షన్ వారం వారం వేయాలంటే ఎందుకని మర్యాదగా అడగండి, ఆ హక్కు మీకుంది. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీదకెళ్ళి సిగరెట్ కాల్చడం చూశాను. అప్పుడు ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను. బట్టలకీ జుట్టుకీ అంటిన ఆ పొగ వాసనకే బుజ్జికి వాంతి వస్తుంది, ఆ పొగ బిడ్డకి కూడా మంచిది కాదు. మానేయండి. మీకు కష్టమైతే నాకు ఫోన్ చేయండి, రాత్రయినా సరే.

స్కాన్ అయిన రోజు ఎంత పొద్దుపోయినా ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఈసారి అల్లుడుగారి గొంతు కూడా వినాలి.

మూడో నెలలో మీ అమ్మా నేనూ దొంగ చలిమిడి తీసుకుని వస్తాం. ఎవరికీ చెప్పకుండా వచ్చేదే కాబట్టి మీ అత్తగారి మాటకి అడ్డు రాదు. ముందురోజు రాత్రి బియ్యం నానబోసి, తెల్లారగట్ల పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి తెస్తాను. అప్పటికి నీకు నెయ్యి వాసన పడుతుందో లేదో నాలుగు రోజుల ముందే చెప్పు. పడకపోతే నెయ్యి తగ్గించి కొబ్బరి ముక్కలు ఎక్కువ వేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ